పశువైద్యశాల వసారాలో కుందేలు: కుక్కల నడుమ భయ నివారణ పద్ధతులు

ఉపోద్ఘాతం

పశువైద్యశాల వసారా సకల జీవులకూ ఉమ్మడి స్థలం. ట్రెవిస్ చట్రంలో గేదె, గోడవారగా మేకలు, గొలుసుతో పట్టుకువచ్చిన కుక్క, బుట్టలో పిల్లి, సంచిలో కోడి ఒకే కప్పు కింద తమ వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. ఇటీవలి సంవత్సరాలలో పట్టణాలలోనూ, పెద్ద గ్రామాలలోనూ పెంపుడు కుందేలు కూడా ఈ వరుసలో చేరింది. పిల్లల ముచ్చట తీర్చడానికి కొన్న కుందేళ్లు కొన్ని నెలలు తిరిగేసరికి పళ్లు పెరిగాయనో, చెవిలో గజ్జి పట్టిందనో, మేత మానేశాయనో వైద్యుని వద్దకు చేరుతున్నాయి.

మన దేశంలో కుందేళ్లపై పరిశోధన ప్రధానంగా ఉన్ని, మాంసం కోసం సాగింది. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ, తమిళనాడులోని కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు వద్ద గల దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఇందుకు ఉదాహరణలు. జాతులు, దాణా, ఈతలు, వ్యాధుల గురించి విస్తరణ సిబ్బంది రైతులకు చెప్పగలుగుతున్నారు. ఇంట్లో పెంచే ఒక్క కుందేలును వైద్యశాలకు ఎలా తీసుకువెళ్లాలి, అక్కడ కుక్కల మధ్య దానిని ఎలా కాపాడుకోవాలి అన్న ప్రశ్నకు మాత్రం మన పాఠాలలో తగిన చోటు దక్కలేదు.

సస్యశాస్త్ర ఆచార్యుడు కుందేలు గురించి రాయడమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. పశుగ్రాస పంటలపై పనిచేసేవారి వద్దకు కుందేలు మేత గురించిన ప్రశ్నలు తరచుగా వస్తాయి. మేత మానేసిన కుందేలు వెనుక అన్నివేళలా మేత దోషమే ఉండదు. కొన్నిసార్లు ఆ కారణం వైద్యశాల వసారాలో గడిపిన అరగంట అయి ఉంటుంది. కుందేలు భయానికీ, దాని కడుపులోని గడ్డికీ గల ఈ సంబంధాన్ని వివరించి, ఆచరణలో పెట్టదగిన పద్ధతులను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక అనుభవం

కొన్నేళ్ల క్రితం మా విభాగంలో పశుగ్రాసాలపై పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని తన తెల్ల కుందేలును దంత పరీక్షకు తీసుకువెళ్తూ నన్ను తోడు రమ్మని అడిగింది. కుందేలు తీగల పంజరంలో ఉన్నది. పంజరాన్ని నేనే నేలమీద, బెంచీ పక్కన పెట్టాను. వసారాలో నాలుగైదు కుక్కలున్నాయి. వాటిలో ఒక పెద్ద కుక్క గొలుసు సాగినంత మేర వచ్చి పంజరం వాసన చూసి, రెండుసార్లు మొరిగి, యజమాని లాగితే వెనక్కు వెళ్లింది. కుందేలు కదల్లేదు. సుమారు నలభై నిమిషాలు ఒకే తీరున, చెవులు వీపుకు ఆనించి కూర్చున్నది.

"చూశావామ్మా, ఎంత బుద్ధిగా కూర్చుందో!" అన్నాను. "అవును సార్, మాది చాలా నెమ్మదైనది" అని ఆ అమ్మాయి సంతోషించింది.

ఆ రాత్రి కుందేలు గడ్డి ముట్టలేదు. మరునాడు ఉదయం పంజరం అడుగున ఒక్క పెంటిక కూడా లేదు. మళ్లీ వైద్యశాలకు పరుగెత్తవలసి వచ్చింది. ద్రవాలు, నొప్పి నివారణ మందు, సిరంజితో తినిపించే మేత అవసరమయ్యాయి. మూడవ రోజు సాయంత్రం పంజరం మూల నాలుగు చిన్న పెంటికలు కనిపించాయని ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు, ఒక ప్రయోగం ఫలించినప్పటికంటే ఎక్కువ సంతోషం కలిగింది. పళ్ల నొప్పికి కూడా ఇందులో పాత్ర ఉండవచ్చు. అయినా ముందురోజు వరకు గడ్డి తిన్న జంతువు ఆ రాత్రే మానడానికి నేను నేలమీద పెట్టిన పంజరం దోహదం చేసిందని తరువాత పశువైద్య మిత్రులు వివరించారు. నేను బుద్ధి అనుకున్నది భయం. ఈ వ్యాసంలోని ముఖ్య విషయం కూడా అదే: కుందేలు విషయంలో నిశ్చలతను ప్రశాంతత అని భావించరాదు.

బొరియ జంతువు స్వభావం

మన పొలాల్లో కనిపించే అడవి కుందేలు, ఇంట్లో పెంచే కుందేలు ఒకే జంతువు కావు. పొలాల్లో తిరిగేది లెపస్ నైగ్రికోలిస్. దీనిని కొన్ని ప్రాంతాల్లో చెవులపిల్లి అంటారు. ఇది బొరియ తవ్వదు. పొదల నీడలో గుంటలో పడుకుని, ఆపద వస్తే మైదానం వెంట పరుగెత్తి తప్పించుకుంటుంది. దీని పిల్లలు వెంట్రుకలతో, తెరచిన కళ్లతో పుడతాయి. ఇంటి కుందేలు ఒరిక్టోలేగస్ కునిక్యులస్ అనే ఐరోపా జాతి సంతతి. ఇది గుంపుగా బొరియల్లో నివసిస్తుంది. దీని పిల్లలు వెంట్రుకలు లేకుండా, మూసిన కళ్లతో బొరియలోనే పుడతాయి. ఆపద వచ్చినప్పుడు దీనికి తెలిసిన రక్షణ దగ్గరలోని చీకటి బొరియలోకి దూరడమే.

ఈ తేడా మన విషయానికి కీలకం. బొరియ అందుబాటులో లేని చోట ఈ జంతువుకు మిగిలేది కదలక ఉండటం. కదలని ప్రాణి వేటజంతువు కంట పడకపోవచ్చు. అందువల్ల కుక్క ఎదుట తీగల పంజరంలో ఉన్న కుందేలు అన్ని వైపులా బయలుగా ఉన్న మైదానంలో చిక్కుకున్నట్టే. అది పారిపోలేదు, దాక్కోలేదు. ఇక చేయగలిగింది బిగుసుకుపోవడమే.

దాని జ్ఞానేంద్రియాలు ఈ భయాన్ని మరింత పెంచుతాయి. తలకు రెండు పక్కలా ఉన్న కళ్లతో కుందేలు తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు అన్ని దిక్కులనూ చూడగలదు. కుక్క వెనుక నుంచి వచ్చినా దానికి తెలుస్తుంది. మనిషి చెవికి అందని ఎత్తైన ధ్వనులను కూడా వినగలదు. వాసన పసిగట్టే శక్తి బలమైనది కావడంతో కనిపించని కుక్క ఉనికిని కూడా గ్రహిస్తుంది. ఎర్రకళ్ల తెల్ల కుందేళ్లకు కంటిలో రంగు పదార్థం లేకపోవడం వల్ల తీవ్రమైన వెలుతురు అదనపు బాధ.

ఇంట్లో పెంపుడు కుక్కతో కలిసిమెలిసి తిరిగే కుందేలు వైద్యశాలలో కూడా భయపడదని కొందరు యజమానులు భావిస్తారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెత ఇటువంటి పట్టుదలకే చెప్పినట్టుంటుంది. కుందేలుకు పరిచయమైనది ఇంటి కుక్క ఒక్కటే. వసారాలోని కుక్కలన్నీ దానికి వేటజంతువులే.

భయం నుంచి జీర్ణాశయం వరకు

కుందేలు జీర్ణవ్యవస్థ నిరంతరం నడుస్తూ ఉండవలసిన యంత్రం వంటిది. పీచుతో కూడిన మేత పేగులను ముందుకు నడిపిస్తుంది. పెద్దపేగులో ముతక పీచు వేరుపడి గట్టి పెంటికలుగా బయటికి పోతుంది. సన్నని పదార్థం వెనక్కు మళ్లి అంధనాళంలో సూక్ష్మజీవుల చేత పులిసి, మెత్తని పెంటికలుగా వెలువడుతుంది. వీటిని కుందేలు తిరిగి తిని పోషకాలను గ్రహిస్తుంది. ఈ రెండు దశల క్రమం చెదిరితే జంతువు త్వరగా ప్రమాదంలో పడుతుంది.

భయం కలిగినప్పుడు సహానుభూత నాడీవ్యవస్థ ఉత్తేజితమై అడ్రినలిన్ వంటి హార్మోనులు విడుదలవుతాయి. గుండె, కండరాలు చురుకుగా పనిచేస్తాయి, పేగుల కదలిక మందగిస్తుంది. క్షణికమైన భయం వల్ల నష్టం స్వల్పం. భయం దీర్ఘమైనా, దానికి నొప్పి, ఎండ, ఆకలి తోడైనా పేగులు స్తంభిస్తాయి. మేత నిలిచిపోతుంది, వాయువు చేరుతుంది, కడుపు నొప్పి పుడుతుంది. ఆ నొప్పి వల్ల జంతువు మేతను మరింత దూరం పెడుతుంది. ఇలా ఒక విషవలయం ఏర్పడుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక కడుపులో చేరినదాన్ని వదిలించుకునే మార్గం దానికి లేదు. బాగా బలిసిన కుందేళ్లలో ఉపవాసం వల్ల కాలేయంలో కొవ్వు చేరే ప్రమాదం కూడా ఉన్నది.

రెండవ నష్టం వ్యాధి నిర్ధారణకు సంబంధించినది. విశ్రాంతిలో ఉన్న కుందేలు గుండె నిమిషానికి సుమారు 180 నుంచి 250 సార్లు కొట్టుకుంటుంది. శ్వాస నిమిషానికి 30 నుంచి 60 వరకు ఉంటుంది. భయంతో ఇవి పెరుగుతాయి. రక్తంలో చక్కెర శాతమూ పెరుగుతుంది. బెదిరిన కుందేలులో కనిపించే అంకెలు వ్యాధివల్ల వచ్చినవో, వసారా వల్ల వచ్చినవో తేల్చడం వైద్యునికి కష్టం.

మూడవది శరీర గాయం. పిల్లి ఎముకలు దాని శరీర బరువులో 12 నుంచి 13 శాతం ఉండగా, కుందేలు ఎముకలు 7 నుంచి 8 శాతం మాత్రమే. వెనుక కాళ్ల కండరాలు మాత్రం ఎంతో బలమైనవి. చేతుల్లో పట్టుకున్న కుందేలు కుక్క మొరుగుడుకు ఒక్కసారిగా తన్నుకుంటే దాని బలానికే నడుము వెన్నుపూస విరిగే అవకాశం ఉన్నది. వసారాలో కుందేలును పెట్టె నుంచి తీసి ఒళ్లో పెట్టుకోరాదనడానికి ఇదే ప్రధాన కారణం.

భయ సూచనలను గుర్తించడం

ప్రశాంతంగా ఉన్న కుందేలు శరీరం వదులుగా ఉంటుంది. కాళ్లు చాపుకుంటుంది, ముక్కు తీరికగా కదులుతుంది, గడ్డి అందిస్తే నములుతుంది. భయపడిన కుందేలులో ఈ కింది సూచనలు కనిపిస్తాయి.

1. శరీరాన్ని నేలకు అదిమి, బిగుసుకుని కూర్చోవడం.
2. చెవులను వీపుకు గట్టిగా ఆనించడం.
3. కళ్లు పెద్దవిగా, ముందుకు పొడుచుకు వచ్చినట్టు కనిపించడం.
4. ముక్కు కదలిక అతివేగంగా ఉండటం లేదా పూర్తిగా ఆగిపోవడం.
5. వెనుక కాలితో నేలను దబ్బున కొట్టడం. ఇది తోటి కుందేళ్లకు చేసే హెచ్చరిక.
6. పెట్టె మూలకు తల దూర్చడం, ఇష్టమైన మేతను కూడా ముట్టకపోవడం.
7. తీవ్ర భయంలో కీచుమని అరవడం. ఈ దశ వరకు రానీయరాదు.

కొందరు కుందేలును వెల్లకిలా పడుకోబెట్టి, అది కదలకపోతే నిద్రపోయిందని, హాయిగా ఉన్నదని అనుకుంటారు. నిజానికి అది వేటజంతువుకు చిక్కినప్పుడు ప్రదర్శించే జడస్థితి. ఆ స్థితిలో గుండె, శ్వాసల వేగంతో పాటు ఒత్తిడి హార్మోనులు పెరుగుతాయని పరిశోధనలు తెలిపాయి. కుందేలును శాంతింపజేయడానికి ఈ పద్ధతిని వాడరాదు.

ఇంటి వద్ద సన్నాహం

వసారాలో కుందేలు ప్రశాంతత చాలావరకు ఇంటి వద్దే నిర్ణయమవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది పెట్టె. తీగల పంజరం, కూరగాయల సంచి, మూతలేని బుట్ట పనికిరావు. గట్టి గోడలు, గాలి వచ్చే రంధ్రాలు, పైనుంచి తెరుచుకునే మూత గల ప్లాస్టిక్ పెట్టె ఉత్తమం. పైమూత ఉంటే వైద్యుడు జంతువును ముందు తలుపు గుండా లాగవలసిన అవసరం రాదు. కుందేలు చాపుకుని పడుకోవడానికి, వెనుదిరగడానికి సరిపడా వైశాల్యం ఉండాలి. అడుగున వార్తాపత్రిక పరిస్తే కాళ్లు జారి భయం పెరుగుతుంది. పాత తువ్వాలు లేదా శుభ్రమైన గోనెగుడ్డ పరచాలి. కుందేలు రోజూ పడుకునే గుడ్డ అయితే దానికి పరిచయమైన వాసన తోడుగా ఉంటుంది.

పెట్టెను వైద్యశాలకు వెళ్లే రోజున మాత్రమే అటక మీద నుంచి దించితే అది కుందేలు దృష్టిలో ఉచ్చు అవుతుంది. కనీసం రెండు వారాల ముందు నుంచే తలుపు తెరిచి కుందేలు తిరిగే చోట ఉంచాలి. గడ్డిని అందులోనే వేయాలి. అది స్వయంగా లోపలికి వెళ్లి తినడం అలవాటైన తరువాత కొన్ని నిమిషాలు తలుపు మూయడం, ఆపై పెట్టెను ఎత్తి గదిలో నడవడం, చివరగా వాహనంలో కొద్ది దూరం తిప్పడం క్రమంగా చేయాలి. ఇలా అలవాటు పడిన పెట్టె వైద్యశాలలో బొరియగా పనిచేస్తుంది.

జంటగా పెరిగిన కుందేళ్లలో ఒకదానికే చికిత్స అవసరమైనా, పెట్టెలో చోటుంటే రెండవదాన్ని కూడా తీసుకువెళ్లడం మంచిది. తోడు దగ్గర ఉంటే భయం తగ్గుతుంది. తిరిగి వచ్చాక వాసన మారిందని ఒకదానితో ఒకటి పోట్లాడుకునే అవకాశమూ తగ్గుతుంది. కొత్తగా పరిచయమైన కుందేళ్లను మాత్రం ఒకే పెట్టెలో ఉంచరాదు.

ఖాళీ కడుపుతో తీసుకురావాలన్న సూచన కుక్కలకు, పిల్లులకు శస్త్రచికిత్స ముందు ఇచ్చేది. కుందేలుకు దీనిని వర్తింపజేయడం ప్రమాదకరం. బయలుదేరే వరకు గడ్డి అందుబాటులో ఉండాలి, పెట్టెలో కూడా వేయాలి. మత్తు ఇవ్వవలసి ఉంటే మేత గురించి వైద్యుని స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి. అతిగా బెదిరే కుందేళ్లకు ప్రయాణానికి ముందు ఇచ్చే మందులు వైద్యుని వద్ద లభిస్తాయి. మనుషుల మందులను సొంత నిర్ణయంతో ఇవ్వరాదు.

సమయం ఎంపిక

వైద్యశాలకు ముందుగా ఫోన్ చేసి రద్దీ తక్కువగా ఉండే వేళ తెలుసుకోవాలి. మన ప్రాంతాల్లో జులై 6 న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885 లో అదే తేదీన లూయీ పాశ్చర్ ఒక బాలునికి తొలిసారి రేబిస్ టీకా ఇప్పించిన ఘటనకు గుర్తుగా ఈ దినాన్ని పాటిస్తారు. ఎంతో మేలైన కార్యక్రమమే అయినా, అత్యవసరం కాని కుందేలు పరీక్షను ఆ రోజున పెట్టుకోరాదు. సెప్టెంబరు 28 న వచ్చే ప్రపంచ రేబిస్ దినం నాడు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

వేసవిలో ఉదయపు తొలి వేళను ఎంచుకోవాలి. కుందేలుకు చెమట పట్టదు. అది చెవుల ద్వారా వేడిని వదులుతుంది. పరిసర ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాలలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలలో భయానికి ఎండ తోడైతే వడదెబ్బకు దారితీయవచ్చు. చల్లని నీటి సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్క ఉంచితే, కావాలనుకున్నప్పుడు కుందేలు దానికి ఆనుకుంటుంది. నిలిపి ఉంచిన కారులో జంతువును ఒంటరిగా వదలరాదు.

వసారాలో పాటించవలసిన పద్ధతులు

మొదటిది దూరం. పేరు నమోదు చేయించిన తరువాత వసారాలోనే కూర్చోవలసిన అవసరం లేదు. ఆవరణలో చెట్టు నీడన, లేదా దారికి దూరంగా ఉన్న మూలన వేచి ఉండి, వంతు వచ్చినప్పుడు పిలవమని సిబ్బందిని కోరవచ్చు. ఇద్దరు వెళ్తే ఒకరు వరుసలో, మరొకరు కుందేలుతో బయట ఉండవచ్చు. ఖర్చులేని ఈ ఉపాయం అన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

రెండవది ఎత్తు. పెట్టెను నేలమీద పెడితే అది కుక్క ముక్కుకు సరిగ్గా ఎదురవుతుంది. బెంచీ మీద, గోడకు ఆనించి, గోడకూ మనిషికీ మధ్య ఉంచాలి. తలుపు ఉన్న పక్కను గోడవైపు తిప్పాలి. పెట్టె కదలకుండా ఒక చేయి దానిపై ఉంచాలి.

మూడవది కప్పు. పలుచని నూలు గుడ్డతో పెట్టెను పైన, కుక్కలున్న దిక్కున కప్పాలి. గాలి ఆడటానికి ఒక పక్క వదలాలి. చూపు తెగితే భయం గణనీయంగా తగ్గుతుంది. వేసవిలో దళసరి దుప్పటి వాడరాదు.

నాలుగవది గాలివాటం. సస్యశాస్త్రంలో మందు పిచికారీ చేసేటప్పుడు గాలి దిశను గమనించినట్టే ఇక్కడా గమనించాలి. కుక్కల మీదుగా గాలి కుందేలు వైపు వీస్తే కుక్కల వాసన దానికి అందుతుంది. ఎదురు దిశలో వీస్తే కుందేలు వాసన కుక్కలకు అంది అవి ఉద్రేకపడతాయి. కనుక వీలున్నంతవరకు గాలికి అడ్డంగా, పక్కకు జరిగి కూర్చోవాలి.

ఐదవది మన ప్రవర్తన. పెట్టె మూత పదేపదే తెరిచి చూడటం, పిల్లలు వేళ్లు దూర్చడం, కుందేలును ఇతరులకు చూపించడం మానాలి. వసారాలోని కుక్కను నిమిరిన చేతితో కుందేలును తాకరాదు. ఇంట్లో కుక్క కూడా ఉంటే దాని టీకాను వేరొక రోజుకు పెట్టుకోవాలి. ఎంత అవసరమైనా కుందేలును చెవులు పట్టి ఎత్తరాదు. ఒక చేయి రొమ్ము కింద, మరొక చేయి వెనుక భాగం కింద ఆధారంగా ఉంచాలి.

కుక్కల యజమానులకు కూడా కొంత బాధ్యత ఉన్నది. గొలుసును పొట్టిగా పట్టుకోవడం, పెట్టెల వద్దకు కుక్కను వెళ్లనీయకపోవడం కనీస మర్యాద. "మా కుక్క ఏమీ చేయదండీ" అని వారు భరోసా ఇవ్వవచ్చు. కుక్క ఏమీ చేయకపోయినా కుందేలు భయపడుతుందని వారికి మృదువుగా వివరించాలి.

వైద్యశాలలో చేయదగిన మార్పులు

విదేశాలలో ఈ సమస్యను సంస్థాగతంగా పరిష్కరించే ప్రయత్నాలు జరిగాయి. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫీలైన్ మెడిసిన్ ప్రారంభించిన పిల్లుల అనుకూల వైద్యశాలల పథకంలో కుక్కలకూ, పిల్లులకూ వేచి ఉండే చోటును వేరు చేయడం ఒక ముఖ్యాంశం. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ కుందేళ్లకు అనుకూలమైన వైద్యశాలల జాబితాను నిర్వహిస్తున్నది.

మన మండల స్థాయి వైద్యశాలలలో వేరే గది కట్టడం సాధ్యం కాకపోవచ్చు. అయినా తక్కువ ఖర్చుతో కొన్ని మార్పులు చేయవచ్చు. వసారా ఒక చివరన చిన్న జంతువులకు ఒక బెంచీ కేటాయించి, నడుము ఎత్తు తడిక అడ్డు పెట్టవచ్చు. గోడకు పెట్టెలు ఉంచడానికి ఒక అర బిగించవచ్చు. వారంలో ఒక పూట మొదటి అరగంటను కుందేళ్లకు, పక్షులకు కేటాయించవచ్చు. కుక్కను పరీక్షించిన బల్లను శుభ్రపరిచి, చేతులు కడుక్కున్న తరువాతే కుందేలును తాకడం వల్ల రోగవ్యాప్తితో పాటు భయమూ తగ్గుతుంది. పరీక్షకు ముందు జారని గుడ్డ పరచడం కూడా ఉపయోగకరం.

తిరిగి వచ్చిన తరువాత: ఎండుగడ్డి ప్రాధాన్యం

ఇంటికి చేరగానే కుందేలును నిశ్శబ్దమైన, చల్లని చోట వదిలి గడ్డి, నీరు అందించాలి. ఆ రోజంతా పిల్లలు ఎత్తుకోకుండా చూడాలి. కొన్ని గంటల్లో అది మేయడం ప్రారంభించిందా, పెంటికలు వేస్తున్నదా అని గమనించాలి. పెంటికలు చిన్నవైనా, తగ్గినా అది తొలి హెచ్చరిక. 12 గంటల పాటు మేత, పెంటికలు లేకపోతే దానిని అత్యవసర స్థితిగా భావించి వైద్యుని సంప్రదించాలి. అంతకు ముందే కడుపు ఉబ్బి, పళ్లు గట్టిగా కొరుకుతూ ముడుచుకుని కూర్చుంటే వేచి చూడరాదు.

భయం తరువాత పేగులు మళ్లీ కదలడానికి మంచి ఎండుగడ్డి అవసరం. గరిక, రోడ్స్ గడ్డి వంటి సన్నని కాండపు గడ్డిజాతులను పూత ఆరంభ దశలో కోసి, తిరగేస్తూ ఆరబెట్టి, తేమ 15 శాతానికి లోపు వచ్చాక నిల్వ చేయాలి. ముదిరిన తరువాత కోస్తే రుచి తగ్గి, బెదిరిన కుందేలు ముట్టదు. తేమతో నిల్వ చేస్తే బూజు పడుతుంది. బూజు గడ్డి కుందేలుకు హానికరం. లూసర్న్ ఇష్టంగా తింటుంది కానీ మాంసకృత్తులు, సున్నం ఎక్కువ కావడంతో పెద్ద కుందేళ్లకు దానిని ప్రధాన మేతగా ఇవ్వరాదు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, పోషకాలు తక్కువ. పరుపుగా వాడవచ్చు కానీ మేతగా సరిపోదు. కలుపు మందు చల్లిన గట్ల మీది గడ్డిని తేరాదు. బుజ్జగించడానికి బిస్కెట్లు, రొట్టె, అన్నం పెట్టడం అంధనాళంలోని సూక్ష్మజీవుల సమతుల్యతను చెరుస్తుంది. రోజూ తినే గడ్డినే ఒక పిడికెడు వైద్యశాలకు తీసుకువెళ్లడం శ్రేయస్కరం. వసారాలో కుందేలు ఆ గడ్డిని నమిలితే, అది కొంత స్థిమితపడిందనడానికి నమ్మదగిన గుర్తు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

కృషి విజ్ఞాన కేంద్రాలలో కుందేళ్ల పెంపకంపై ఇచ్చే శిక్షణలో ఒక గంటను రవాణా, వైద్యశాల సందర్శనలకు కేటాయించాలి. మాటలతో చెప్పడం కంటే తీగల పంజరం, కప్పిన పెట్టె రెండింటినీ పక్కపక్కన చూపి, పెట్టెను బెంచీ మీద పెట్టే తీరును చేసి చూపడం మేలు. అందులో పాల్గొనే పెంపకందారులకు మూడు ప్రశ్నల చిన్న కార్డు ఇవ్వవచ్చు: వెళ్లే ముందు తిన్నదా, వసారాలో నమిలిందా, తిరిగి వచ్చిన 12 గంటల లోపు తిని పెంటికలు వేసిందా. ఈ మూడింటి సమాధానాలు వైద్యునికి కూడా విలువైన సమాచారం.

విద్యార్థులకు ఇందులో పరిశోధనాంశం ఉన్నది. పెట్టెను కప్పినప్పుడు, కప్పనప్పుడు శ్వాస రేటులో తేడా ఎంత, తిరిగి మేత ప్రారంభించడానికి పట్టే సమయంలో తేడా ఎంత అన్నది మన వాతావరణంలో, మన వసారాలలో కొలవదగిన విషయం. శ్వాస వేడివల్ల కూడా పెరుగుతుంది కనుక ప్రతి పరిశీలనతో పాటు ఉష్ణోగ్రత నమోదు చేయాలి. పరిశీలన పేరిట కుందేలును కావాలని కుక్కకు ఎదురుగా ఉంచరాదు. చికిత్స కోసం వచ్చిన జంతువులను యజమాని అనుమతితో, పశువైద్యుల పర్యవేక్షణలో గమనిస్తే చాలు.

ముగింపు

నొప్పి కలిగితే కుక్క మూలుగుతుంది, గేదె అరుస్తుంది. కుందేలు మాత్రం ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడాన్ని మంచి లక్షణంగా మెచ్చుకోవడం వల్లనే చికిత్స కోసం వెళ్లిన జంతువు కొత్త జబ్బుతో తిరిగి వచ్చే ప్రమాదం ఏర్పడుతున్నది. బొరియను పోలిన పెట్టె, బెంచీ ఎత్తు, పలుచని గుడ్డ, కుక్కల నుంచి దూరం, పిడికెడు పరిచయమైన గడ్డి: ఈ ఐదూ ప్రతి పెంపకందారునికీ అందుబాటులో ఉన్నవే. ఇకపై వసారాలో కదలకుండా కూర్చున్న కుందేలు కనిపిస్తే, దానిని మెచ్చుకోవడానికి ముందు దాని పెట్టె ఎక్కడ ఉన్నదో, ఏ దిక్కుకు తెరిచి ఉన్నదో చూడవలసిందిగా విస్తరణ మిత్రులను, విద్యార్థులను కోరుతున్నాను.